పొగ రాని పొయ్యిలో పొగ ఏమవుతుంది?

ఈ మధ్య ఫోన్ తెరిస్తే ఏదో ఒక రీల్‌లో మెరిసే స్టీలు పొయ్యి కనిపిస్తోంది. గుప్పెడు పుల్లలు, ఒక అగ్గిపుల్ల, రెండు నిమిషాల్లో ఎర్రటి మంట, పైన చాయ్ గిన్నె. ‘చూశారుగా, పొగే లేదు’ అంటాడు అమ్మేవాడు. కార్తీక వనభోజనాలకు పనికొస్తుందని కొందరు, లంబసింగి వైపు వెళ్లి టెంట్ వేసుకునేటప్పుడు వెంట ఉంటుందని కొందరు, పొలం దగ్గర కూలీలకు చాయ్ పెట్టడానికని ఇంకొందరు కొంటున్నారు. కొన్నాక మాత్రం మాట రెండుగా చీలిపోతోంది. నిజంగానే పొగ లేదని ఒకరంటారు. అదే పొయ్యి కొన్న ఇంకొకరు కళ్లు మండిపోయాయని, గిన్నె అడుగంతా మసి పట్టిందని, డబ్బులు దండగని తిట్టుకుంటారు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కట్టె ఎంత ఆరింది, ఎంత సన్నగా చీల్చారు, ఎలా ఎగదోస్తున్నారు, గాలి రంధ్రాల్లో బూడిద ఎంత పేరుకుంది అన్నదాన్ని బట్టి ఒకే పొయ్యి ఉదయం ఒకలా, సాయంత్రం ఇంకోలా మండుతుంది. డబ్బా తయారీ వల్ల తేడా ఉంటుంది, కాదనలేం. కానీ ఆ తేడా ఎంత, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుంది అన్నది ప్రకటనలో చెప్పరు.

## మంటలో నిజంగా మండేది ఏమిటి

కట్టెకు నిప్పంటుకుంటే కట్టే మండుతోందనుకుంటాం. లోపల జరిగేది కొంచెం వేరు. ముందు కట్టెలో ఉన్న నీరు ఆవిరవుతుంది. ఆ నీరు పోయేదాకా కట్టె పెద్దగా వేడెక్కదు. తర్వాత, సుమారు 250 డిగ్రీలు దాటాక, కట్టె విడిపోతూ మండే వాయువులను, తారు ఆవిరిని వదలడం మొదలుపెడుతుంది. ఆరిన కట్టె బరువులో నాలుగింట మూడు వంతుల దాకా ఇలా వాయువుగానే బయటికొస్తుంది. మనం చూసే పసుపు మంట ఈ వాయువులదే. చివరికి మిగిలేది బొగ్గు. అది మంట లేకుండా ఎర్రగా, నిదానంగా కాలుతుంది.

మండుతున్న పుల్ల కొసను దగ్గరగా చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. మంట పుల్లను అంటి ఉండదు, పైన కాస్త ఎడంగా నిలబడుతుంది. ఆ సన్నని ఎడంలో ఉన్నది ఇంకా అంటుకోని వాయువు. పుల్ల రెండో కొస నుంచి బుసబుసమంటూ నురగ వస్తుంటే లోపల ఇంకా నీరుందన్నమాట. అప్పుడే ఆరిపోయిన కొరివి నుంచి తెల్లగా లేచే పొగకు అగ్గిపుల్ల చూపిస్తే ఆ పొగే భగ్గున అంటుకుంటుంది.

అంటే పొగలో ఎక్కువ భాగం మండకుండా వృథాగా పోతున్న వంటచెరకే. అది పూర్తిగా మండాలంటే సుమారు 600 డిగ్రీలు దాటిన వేడి కావాలి, చాలినంత గాలి కావాలి, ఆ రెండూ వాయువుతో బాగా కలవడానికి కొంచెం చోటూ సమయమూ కావాలి. మూడు రాళ్ల పొయ్యిలో ఈ మూడూ కుదరడం కష్టం. చల్లగాలి అన్ని వైపుల నుంచీ కొడుతుంది, మంట పక్కకు వాలుతుంది, గిన్నె అడుగుకు తగిలిన మంట అక్కడే చల్లబడి మసిగా మారుతుంది. ‘పొగ రాని’ పొయ్యిలన్నీ చేసే ప్రయత్నం ఒకటే: పొగను గిన్నె దాకా రానివ్వకుండా లోపలే కాల్చేయడం.

## పొట్టు పొయ్యి నుంచి ఫ్యాను పొయ్యి దాకా

ఈ ఆలోచన మనకేమీ కొత్తది కాదు. కట్టెల అడితి, రంపపు మిల్లు దగ్గర్లో ఉన్న ఇళ్లలో పొట్టు పొయ్యి ఉండేది. రేకు డబ్బాకు పక్కన అడుగున ఒక కన్నం. డబ్బా మధ్యలో నిలువుగా ఒక సీసా, కన్నంలోంచి దాని కిందికి చేరేలా అడ్డంగా ఒక గుండ్రటి కర్ర. చుట్టూ రంపపు పొట్టునో ఊకనో పోసి గట్టిగా దట్టించి, సీసానూ కర్రనూ మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే లోపల మడత తిరిగిన గొట్టంలా దారి మిగులుతుంది. కింది కన్నంలో చిన్న పుల్లతో నిప్పు పెడితే పొట్టు లోపలి గోడ మెల్లగా కాలుతూ గంటల తరబడి సెగ ఇస్తుంది. దట్టించడంలోనే ఉంది నేర్పంతా. వదులుగా దట్టిస్తే మధ్యలో పొట్టు కూలి, దారి మూసుకుపోయి, ఇల్లంతా పొగ కమ్మేస్తుంది.

ఇప్పుడు రాకెట్ స్టవ్ అని అమ్ముతున్నదాంట్లోనూ ఇలాంటి మడత గొట్టమే ఉంటుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని అప్రొవెచో పరిశోధన కేంద్రానికి చెందిన లారీ వినియార్‌స్కీ 1980ల్లో దీనికి ఒక రూపం ఇచ్చారు. అడ్డంగా ఉన్న నోట్లో పుల్లలు పెడతాం, నిలువు గొట్టంలో మంట లేస్తుంది. గొట్టం చుట్టూ వేడిని పట్టి ఉంచే పదార్థం ఉంటుంది కాబట్టి లోపల వేడి తగ్గదు, వేడిగాలి పైకి పోతూ కింది నుంచి కొత్త గాలిని లాగుతుంది. నోట్లో ఒక చిన్న రేకు అర ఉంటుంది. పుల్లలు దాని పైన, గాలి దాని కింద. కొన్నవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. మంట పెద్దది కావాలని నోటి నిండా పుల్లలు కుక్కుతారు, ఆ అరను తీసేస్తారు, లేదా దాని కిందా పుల్లలు దూరుస్తారు. గాలి దారి మూసుకుపోయి పొగ నోట్లోంచే వెనక్కి తన్నుకొస్తుంది. పుల్లల కొసలు మాత్రమే మండేలా, నోట్లో సగం ఖాళీ ఉండేలా కొద్దికొద్దిగా ఎగదోయడం దీని పద్ధతి. దగ్గర మనిషి లేకపోతే కొసలు కాలిపోయి మంట పడిపోతుంది.

రెండు గోడల స్టీలు పొయ్యి ఇంకో రకం. బయటి గోడకూ లోపలి గోడకూ మధ్య ఖాళీలో గాలి వేడెక్కుతూ పైకి వెళ్లి, లోపలి గోడ అంచు దగ్గరున్న వరస రంధ్రాల్లోంచి మంట మీదికి వస్తుంది. కింద మండకుండా మిగిలిన వాయువు అక్కడ మండుతుంది. సరిగా మండుతున్నప్పుడు ఆ రంధ్రాల నుంచే చిన్న చిన్న మంటలు లేస్తున్నట్టు కనిపిస్తుంది, రీల్స్‌లో చూపించేది దాన్నే. కానీ పొయ్యి బాగా వేడెక్కాకే అది మొదలవుతుంది. వెలిగించిన మొదటి కొన్ని నిమిషాలు మామూలు పొగే వస్తుంది. పుల్లలు ఆ రంధ్రాల ఎత్తు దాటి నింపినా, పొయ్యి నోటి మీద గిన్నెను గట్టిగా ఆనించేసినా పైమంట ఆగిపోతుంది.

మూడో రకంలో చిన్న ముక్కలుగా నరికిన కట్టెనో పెల్లెట్లనో (పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు) డబ్బా నిండా ఒక్కసారే నింపి పై నుంచి వెలిగిస్తారు. మంట పొర మెల్లగా కిందికి దిగుతుంది, కింది కట్టె నుంచి లేచిన వాయువు పైన మండుతుంది. అమెరికాలో థామస్ రీడ్ 1985లో ఈ పద్ధతిని మొదలుపెట్టారు, కొన్నేళ్లకు నార్వేకు చెందిన పాల్ వెండెల్బో విడిగా అదే దారికి వచ్చారు. పొగ తక్కువ రావడంలో, ఫ్యాను లేని వాటిలో దీన్ని మించింది లేదనే చెప్పాలి. అయితే మధ్యలో కట్టె వేయడానికి వీల్లేదు. వేస్తే ఆ పొర చెదిరి పొగ కమ్ముతుంది. నింపింది అయిపోయాక అన్నం సగం ఉడికి ఉంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మంట ఆగే ఆఖరి నిమిషంలో తెల్లపొగ ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు లోపల మిగిలేది బూడిద కాదు, బొగ్గు.

ఫ్యాను ఉన్న పొయ్యిలు గాలి దానంతట అది వచ్చేదాకా ఆగకుండా దాన్ని లోపలికి తోస్తాయి. చిన్న బ్యాటరీ లేదా పవర్ బ్యాంకుతో నడుస్తాయి. ఊదుగొట్టంతో అమ్మమ్మలు చేసిన పనినే ఇవి ఆగకుండా చేస్తాయి. చార్జింగ్ అయిపోతే మాత్రం చాలావరకు ఇవి మామూలు డబ్బా పొయ్యి కన్నా అధ్వానం, ఎందుకంటే వాటి గాలి దారులన్నీ ఫ్యాను నడుస్తుందన్న లెక్కతోనే పెట్టారు.

## పచ్చి కట్టె లెక్క

పొయ్యి కన్నా ముందు చూడాల్సింది కట్టెను. అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. చీల్చి, వాన తగలకుండా గాలి ఆడేలా పేర్చి, కొన్ని నెలలు ఎండబెడితే అది 15 నుంచి 20 శాతానికి దిగుతుంది.

పూర్తిగా ఎండిన కట్టె కిలోలో సుమారు 18.5 మెగాజౌళ్ల (శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉంటుంది. అందులో 20 శాతం నీరున్న కట్టె కిలో తీసుకుందాం. కట్టె 800 గ్రాములు, నీరు 200 గ్రాములు. కట్టె ఇచ్చేది 14.8 మెగాజౌళ్లు. ఆ 200 గ్రాముల నీటిని వేడిచేసి ఆవిరి చేయడానికి పోయేది సుమారు అర మెగాజౌల్. మిగిలేది 14.3. ఇప్పుడు సగం నీరున్న పచ్చికట్టె కిలో చూద్దాం. కట్టె అర కిలోనే, దాని శక్తి 9.25. అర కిలో నీటికి 1.25 పోగా మిగిలేది 8. రెండూ కిలోనే, రెంటికీ తూకంలో ఒకే ధర కట్టాం, కానీ పచ్చిదాంట్లో సెగ సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

నిజానికి నష్టం ఈ లెక్క కన్నా పెద్దది. నీరు ఆవిరవుతున్నంతసేపూ లోపలి వేడి పెరగదు, 600 డిగ్రీలు అందక వాయువులు మండవు, పొగగా పోతాయి. పచ్చికట్టెను ఎంత ఖరీదైన పొయ్యిలో పెట్టినా పొగ వచ్చేది అందుకే. ఈ విషయంలో నేను ఎప్పుడూ కట్టె వైపే ఉంటాను. బాగా ఆరిన, బొటనవేలంత సన్నగా చీల్చిన పుల్లలతో పాత బకెట్ పొయ్యి కూడా మర్యాదగా మండుతుంది.

తేమ కొలిచే చిన్న మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటి అంకె చూసి కంగారుపడేవాళ్లున్నారు. అవి సాధారణంగా నీటి బరువును ఎండిన కట్టె బరువుతో భాగించి చూపిస్తాయి. పైన చెప్పిన 20 శాతం కట్టెలో 200 గ్రాముల నీటిని 800 గ్రాముల కట్టెతో భాగిస్తే 25 వస్తుంది. కట్టె ఒకటే, అంకెలు రెండు. మీటర్ లేకపోతే వంటింటి తూకం చాలు. మధ్యలోంచి కోసిన ముక్కను తూచి, బరువు తగ్గడం ఆగేదాకా ఎర్రటి ఎండలో పెట్టి, మళ్లీ తూచాలి. అర కిలో ముక్క 400 గ్రాములకు దిగిందంటే కనీసం 20 శాతం నీరుండేదన్నమాట. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే టంగుమనడం, కోసిన చివర పగుళ్లు విచ్చుకోవడం, బెరడు ఊడిరావడం పాత గుర్తులు. అవి ఇప్పటికీ పనికొస్తాయి.

ఏ కట్టె మంచిదన్న ప్రశ్నకు చేవ ఉన్న తుమ్మ, సరుగుడు అనే జవాబే ఎక్కువగా వింటాం. బరువైన కట్టె నిదానంగా కాలి మంచి నిప్పులు ఇస్తుంది, నిజమే. కానీ చిన్న పొయ్యి నోటికి దాన్ని చీల్చడం పెద్ద పని. పత్తికట్టె, కందికట్టె, మొక్కజొన్న బెండ్లు త్వరగా అంటుకుని త్వరగా అయిపోతాయి, చాయ్‌కి అవి చాలు. వేయకూడనివి ఒకటి రెండున్నాయి. గన్నేరు విషపు మొక్క, దాని పుల్లలు పొయ్యిలోకీ వద్దు, మాంసం గుచ్చి కాల్చడానికీ వద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ అంటిన అట్టపెట్టెలు కాల్చితే వచ్చే పొగ వంటచెరకు పొగ లాంటిది కాదు, అంతకన్నా హానికరం. వెలిగించడానికి కిరోసిన్, పెట్రోలు పోయడమూ అంతే, అందులో మంట ముఖం మీదికి ఎగిసే ముప్పు అదనం. తాటాకు, కొబ్బరి పీచు, ఎండు చిదుగులు ఉండగా వాటి అవసరమే రాదు.

## ‘35 శాతం సామర్థ్యం’ అంటే చేతిలో ఎంత మిగులుతుంది

మన దేశంలో కట్టెల పొయ్యిలకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం ఉంది: ఐఎస్ 13152, మొదటి భాగం, 2013. దాని ప్రకారం ఫ్యాను లేని పొయ్యి కట్టెలోని శక్తిలో కనీసం 25 శాతం గిన్నెకు చేర్చాలి, ఫ్యాను పొయ్యి కనీసం 35 శాతం. గిన్నెకు చేరిన ప్రతి మెగాజౌల్‌కు వెలువడే పొగ రేణువులు ఫ్యాను లేనిదానిలో 350 మిల్లీగ్రాములు, ఉన్నదానిలో 150 మిల్లీగ్రాములు మించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రెంటికీ 5 గ్రాములు. గమనిస్తే ఈ ప్రమాణంలో సున్నా అన్న అంకె ఎక్కడా లేదు. ప్రమాణం అందుకున్న పొయ్యి కూడా పొగ తక్కువ వచ్చే పొయ్యే.

ఐదు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి సుమారు 1.47 మెగాజౌళ్లు కావాలి. మూడు రాళ్ల పొయ్యి 15 శాతం చేరుస్తుందనుకుంటే పైన లెక్కించిన ఆరిన కట్టె దాదాపు 690 గ్రాములు పడుతుంది. 25 శాతం పొయ్యికి 410 గ్రాములు, 35 శాతం పొయ్యికి 290 గ్రాములు. ఆదా బాగానే ఉంది. కానీ మూడు రాళ్ల పొయ్యి మరీ 10 శాతం అనీ, లేదు చక్కగా మంట పెట్టేవాళ్ల చేతిలో 20 దాకా వస్తుందనీ రెండు వాదనలూ ఉన్నాయి. పోల్చే మనిషి ఏది పట్టుకుంటాడో దాన్నిబట్టి కొత్త పొయ్యి గొప్పదనం పెరుగుతుంది, తగ్గుతుంది.

గ్యాస్‌తో పోల్చేవాళ్లకు ఇంకో లెక్క. కిలో గ్యాస్‌లో సుమారు 46 మెగాజౌళ్లుంటాయి. అందులో 60 శాతం గిన్నెకు చేరిందనుకుందాం, అంటే 27.6. కిలో ఆరిన కట్టె 25 శాతం పొయ్యిలో ఇచ్చేది 3.6. కాబట్టి 14.2 కిలోల సిలిండర్ చేసే పనికి ఈ చిన్న పొయ్యిలో సుమారు 110 కిలోల ఎండుకట్టె కావాలి. కట్టె ఊరికే దొరికేవాళ్లకు ఇది లాభమే. అడితిలో కొనేవాళ్లు ఆ ఊరి ధరతో గుణించి చూసుకోవాలి. చీల్చడం, ఎండబెట్టడం, వాన వస్తే లోపల పెట్టడం ఎవరు చేస్తారన్నది లెక్కలో రాదు.

సామర్థ్యం, పొగ ఒకటే అనుకోవడం ఇంకో గందరగోళం. గిన్నెకూ పొయ్యికీ మధ్య సందు తగ్గిస్తే వేడి గిన్నెకు ఎక్కువ అంటుతుంది, సామర్థ్యం పెరుగుతుంది. కానీ మరీ తగ్గిస్తే గాలి ఆడక పొగ పెరుగుతుంది. పొయ్యి తయారుచేసేవాళ్లు ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీ పడతారు. గిన్నె ఆనే కమ్మీలను వంచో తీసేసో ఆ సందు మార్చేస్తే వాళ్ల లెక్కంతా పోయినట్టే.

## వనభోజనంలో ఎందుకు చతికిలపడుతుంది

చేత్తో మోసుకెళ్లే పొయ్యి గంటకు కిలో కట్టె కాలుస్తుందనుకుందాం. 14.3 మెగాజౌళ్లంటే సుమారు 4 కిలోవాట్లు. 25 శాతం లెక్కన గిన్నెకు చేరేది ఒక కిలోవాట్. ఐదు లీటర్లు మరగడానికి 25 నిమిషాలు. ఇరవై లీటర్ల గుండిగ పెడితే గంటన్నర దాటుతుంది, అంత పెద్ద గిన్నె పక్కల నుంచి పోయే వేడిని కలిపితే ఇంకా ఎక్కువ. పాతికమందికి బిర్యానీ అనుకుని ఇద్దరికి చాయ్ పెట్టే పొయ్యి తీసుకెళ్లినవాళ్లు పొయ్యిని తిడతారు. బరువు సంగతి కూడా ఉంది. సన్నటి కాళ్ల మీద నిలబడ్డ రేకు డబ్బా మీద నిండు గుండిగ ఎక్కించి గరిటె తిప్పితే అది పక్కకు ఒరగడం ఖాయం. అలాంటి వంటకు మూడు రాళ్లో, బలమైన ఇనుప ముక్కాలి పొయ్యో మేలు.

పొగ తక్కువగా, మంట పూర్తిగా మండే పొయ్యిలో నిప్పులు కూడా తక్కువే మిగులుతాయి. నీళ్లు కాగడానికి, పులుసు మరగడానికి, వేపుళ్లకు ఆ ఎగిసే మంట బాగుంటుంది. దమ్ బిర్యానీకి మూత మీద పోయడానికి నిప్పులు కావాలి, వంకాయ కాల్చాలన్నా నిప్పులే కావాలి. మారేడుమిల్లి దారిలో బొంగులో చికెన్ చేసేవాళ్లు వెదురు బొంగుల్ని నిప్పుల సెగకు తిప్పుతూ కాలుస్తారు, దాన్ని రాకెట్ స్టవ్ మీద చేయాలనుకుంటే బొంగు ఒకచోట మాడి ఇంకోచోట పచ్చిగా ఉంటుంది. పై నుంచి వెలిగించే రకంలో చివర మిగిలే బొగ్గు మాత్రం ఇక్కడ కలిసొస్తుంది. సన్నసెగ మీద పాలు కాచడం, దోసె పెనం అంతా ఒకేలా వేడెక్కడం లాంటివి కూడా ఈ సన్న గొట్టాల పొయ్యిలకు అలవికాని పనులే. దోసె మధ్యలో మాడుతుంది, అంచులు కాలవు.

## ముందు పాడయ్యేవి ఏవి, ఎందుకు

ఈ పొయ్యిల్లో ముందుగా పోయేది అడుగున ఉండే జల్లెడ రేకు. దాని మీదే ఎప్పుడూ నిప్పులుంటాయి. ఎర్రబడి, చల్లబడి, మళ్లీ ఎర్రబడి పొరలు పొరలుగా రాలిపోతుంది. మామూలు ఇనుప రేకైతే ఇంకా త్వరగా, స్టెయిన్‌లెస్ స్టీలైతే కొంచెం ఆలస్యంగా. స్టీలు మీద నీలం, బంగారు రంగు మరకలు వస్తే అది పాడవడం కాదు, వేడికి అలాగే అవుతుంది. జల్లెడ విడిగా దొరుకుతుందా అన్నది కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అని నా అభిప్రాయం. అది దొరకని పొయ్యి, ఎంత మెరిసినా, కొన్ని సీజన్ల తర్వాత పాత ఇనుము వాళ్లకే. జింకు పూత వేసిన రేకుతో, పాత బకెట్లతో ఇంట్లో పొయ్యి చేసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. జింకు 420 డిగ్రీలకు కరుగుతుంది, 907కి మరుగుతుంది. మంట తగిలేచోట ఆ పూత నుంచి వచ్చే పొగ పీల్చితే జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి.

తుప్పుకు ఎక్కువగా కారణం బూడిద. కట్టె బూడిదలో క్షారాలుంటాయి, అది గాలిలో తేమను పట్టుకుంటుంది. వంటయ్యాక బూడిదతోనే పొయ్యిని కారు డిక్కీలోనో బాల్కనీ మూలనో పడేస్తే, ఆ తడి బూడిద లోపలి రేకును మెల్లగా తినేస్తుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలి దీనికి తోడు. చల్లారాక బూడిద దులిపి, రంధ్రాలన్నీ ఒక పుల్లతో పొడిచి తెరిచి, పొడిగా ఉన్నచోట పెడితే చాలు. రెండు గోడల పొయ్యిలో గోడల మధ్య ఖాళీలోకి బూడిద పడుతుంది, తలకిందులుగా తిప్పి తట్టకపోతే అక్కడే ఉండిపోతుంది. పైకి బాగానే కనిపిస్తున్న పొయ్యి ఉన్నట్టుండి పొగ ఎందుకు పోస్తోందని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఆ మూసుకుపోయిన గాలి దారే.

లోపల మట్టి లేదా పింగాణీ గొట్టం ఉన్న పొయ్యిల ఇబ్బంది వేరు. వేడి మీద నీళ్లు పోసి ఆర్పితే అది పగులుతుంది. వానాకాలమంతా పక్కన పెట్టి, కార్తీకంలో తీసి ఒక్కసారిగా పెద్ద మంట పెట్టినా పగులుతుంది, ఎందుకంటే మట్టి పీల్చుకున్న తేమ లోపలే ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. ముందు చిన్న మంటతో అరగంట వెచ్చబెట్టాలి. ఫ్యాను పొయ్యిల్లో మంట ఆరగానే ఫ్యాను కట్టేయడం చాలామందికి అలవాటు. అప్పుడు లోపలి వేడి కిందికి దిగి మోటారును, బ్యాటరీని కాలుస్తుంది. పొయ్యి చల్లబడేదాకా ఫ్యాను తిరగనివ్వాలి.

గిన్నెల అడుగు మసి విషయంలో మన ఇళ్ల పద్ధతిని మించింది నాకు కనిపించలేదు. పొయ్యి మీద పెట్టేముందు గిన్నె బయటి అడుగుకు తడిమట్టో బూడిదో పల్చగా పూస్తే, మసి ఆ పూతకే అంటుకుని కడిగేటప్పుడు దానితో పాటే పోతుంది.

## ఆరోగ్యానికి ఇవి మేలు చేస్తాయా అన్న వాదన

కట్టెల పొయ్యిని బాగుచేసి పొగ తగ్గించాలన్న ఆలోచన ప్రభుత్వాలకు ఎప్పటి నుంచో ఉంది. 1980ల మధ్య నుంచి 2002 దాకా నడిచిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు. 2014లో అదే పనికి ఉన్నత్ చూల్హా అభియాన్ అనే కేంద్ర పథకం వచ్చింది. మరోవైపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం నేరుగా గ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టాయి.

ఇక్కడే నిపుణులు రెండుగా చీలారు. గ్యాస్ కొనలేనివాళ్లు కట్టె మానరు కాబట్టి ఆ కట్టెనే శుభ్రంగా మండించాలని ఒక పక్షం. కట్టెను ఎంత బాగుచేసినా ఆరోగ్యానికి కావలసినంత శుభ్రం కాదు, గ్యాస్, కరెంటు లాంటివే అందరికీ అందాలని ఇంకో పక్షం. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ భారతదేశపు వంటింటి పొగ మీద దశాబ్దాలు పరిశోధించిన కిర్క్ స్మిత్ మొదట మెరుగైన పొయ్యిల మీద పనిచేసి, తర్వాతి కాలంలో రెండో పక్షానికి మొగ్గారు.

రెండు పెద్ద అధ్యయనాలు ఈ వాదనలో తరచూ వస్తాయి. ఒడిశాలో ఆర్థికవేత్తలు రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్ల దాకా గమనించిన ఇళ్లలో పొగ గొట్టం ఉన్న మెరుగైన మట్టి పొయ్యిల వల్ల మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ తేడా పోయింది. ఇళ్లవాళ్లు వాటిని క్రమం తప్పకుండా వాడలేదు, బాగుచేయించుకోనూ లేదు. ఆఫ్రికాలోని మలావీలో పదివేలకు పైగా చిన్నపిల్లలున్న ఇళ్లలో ఫ్యాను పొయ్యిలిచ్చి చూసిన అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పిల్లల్లో న్యుమోనియా తగ్గలేదు. మొదటి పక్షం దీనికి చెప్పే జవాబు కొట్టిపారేయలేనిది: చెత్త కాల్చడం, పొగాకు, పక్కింటి పొయ్యి లాంటి పొగలు చుట్టూ అలాగే ఉంటే ఒక్క పొయ్యి మార్చి ఫలితం చూడలేం.

ఇంట్లో రోజుకు మూడు పూటలా వండే ఇల్లాలికీ, ఏడాదికి నాలుగైదు సార్లు ఆరుబయట వండుకునే కుటుంబానికీ ముప్పు ఒకటి కాదు. రెండోవాళ్లకు ఈ చర్చతో పెద్దగా పని లేదు, గాలివాలు చూసుకుని కూర్చుంటే చాలు. ఆరుబయట వాడటానికని కొన్న పొయ్యిని ‘పొగ రాదు కదా’ అని వంటింట్లోకి తెచ్చినప్పుడే పై అధ్యయనాలు వాళ్లకూ వర్తిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల్లో సన్నటి ధూళి రేణువులకు పెట్టిన రోజువారీ పరిమితి ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. తలుపులు మూసిన గదిలో ఏ కట్టెల పొయ్యీ దాని దరిదాపుల్లో ఉండదు.

## కనిపించని వాయువు, ఆరని నిప్పు

పొగ కనిపించకపోతే ప్రమాదం లేదనుకోవడం ఈ పొయ్యిలు తెచ్చిన కొత్త చిక్కు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మంట పోయి నిప్పులు మాత్రమే ఉన్నప్పుడు, అంటే పొగ అస్సలు లేనప్పుడు, అది బాగానే వెలువడుతుంది. లంబసింగి చలికి ఆ నిప్పుల పొయ్యిని టెంట్‌లోకి తెచ్చుకోవడం, అద్దాలు మూసిన కారులో పెట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టుండటం దాని గుర్తులు, నిద్రలో ఉన్నవాళ్లకు ఆ గుర్తులూ తెలియవు.

నిప్పు ఆర్పడంలో ఇసుకను నమ్మేవాళ్లు ఎక్కువ. సముద్రపు ఒడ్డున వంటయ్యాక నిప్పుల్ని ఇసుకతో కప్పేసి వెళ్లిపోతారు. ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది. గంటల తర్వాత కూడా ఆ చోట అడుగు వేసిన పిల్లల కాళ్లు బొబ్బలెక్కుతాయి. నిప్పుల్ని పొయ్యి నుంచి రేకు పళ్లెంలోకి తీసి, నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, అరచేతి వెనక భాగంతో సెగ చూశాకే పారబోయాలి. వేడి బూడిదను ప్లాస్టిక్ చెత్తడబ్బాలో వేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కడ వెలిగించవచ్చన్నది చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో దానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం, రాజేసిన నిప్పును వదిలేయడం నేరం. నల్లమలలో ఎండాకాలం ఆకు రాలి గడ్డి ఎండిన రోజుల్లో ఒక్క రవ్వ చాలు. అమెరికాలో ఉండి క్యాంపింగ్‌కు వెళ్లే తెలుగువాళ్లకు ఇదే వేరే రూపంలో ఎదురవుతుంది. పశ్చిమ రాష్ట్రాల అడవుల్లో వేసవిలో నిప్పు ఆంక్షలు పెట్టినప్పుడు, మీట తిప్పగానే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌కు తరచూ మినహాయింపు ఉంటుంది. పుల్లలతో మండే పొయ్యిని, డబ్బా మీద స్మోక్‌లెస్ అని రాసి ఉన్నా, సాధారణంగా క్యాంప్‌ఫైర్ కిందే లెక్కిస్తారు. ఆ రోజు ఏ ఆంక్ష ఉందో ఆ అడవి కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకుని, అనుమానం ఉంటే వెంట చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుని బయల్దేరడమే అక్కడివాళ్లు చేసే పని.